ఇసుక బస్తాల విమానం

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది అయిదుగురు మనుషులు, ముప్ఫై తొమ్మిది ఇసుక బస్తాలు.

మనుషుల్లో మొదటివాడు పెద్దాయన. ఒకప్పుడు విమానాలకి సామాన్లెక్కించిన కూలీ. తర్వాత తనే చిన్న విమానాల కంపెనీ పెట్టి, గంట దూరంలో ఉన్న ఊళ్లన్నిటినీ కలిపి, బస్సు ఎక్కే జనాన్ని గాల్లోకి ఎక్కించినవాడు. రెండోది ఆయన కూతురు. మూడోవాడు అల్లుడు. ఏ విమానం ఎప్పుడు లేవాలో, ఏ దారిన పోవాలో కాగితం మీద గీసేది అతనే. నాలుగోది పెద్దాయన చెల్లెలు. కంపెనీ మొదటి విమానంలో ఎయిర్‌హోస్టెస్‌గా ఎక్కి ముప్ఫై ఏళ్ల తర్వాత దిగిన ఆవిణ్ణి ఇంటిల్లిపాదీ మేనత్త అనే అంటారు. అయిదోవాడు సీట్ల మేస్త్రి.

బస్తాల సంగతి వేరు. అవి సీట్లలో బెల్టులు పెట్టుకుని కూర్చున్నాయి.

ఆ కంపెనీ విమానాలు ఇంతవరకు గంటకి మించి ఎగరలేదు. సముద్రాలు దాటి, పన్నెండు గంటలు ఆగకుండా పోయే పెద్ద విమానాలు రెండు అద్దెకి తేవాలని అల్లుడి పట్టు. పెద్దాయన మూడేళ్లు వినీ విననట్టు నెట్టుకొచ్చి, చివరికి ఒక మాటన్నాడు. "పన్నెండు గంటలు నా మోకాళ్లు ఆ సీట్లో ఓర్చుకుంటే జనం మోకాళ్లూ ఓర్చుకుంటాయి. ముందు నన్ను కూర్చోనివ్వండి."

అందుకని ఇంటి వెనక పెద్ద హాల్లో ఆ విమానం ముక్కని చెక్కతో, రేకుతో నిజం కొలతల్లో కట్టించారు. నలభై రెండు సీట్లు. మూడింట్లో మనుషులు, మిగతా వాటిలో మనిషంత బరువున్న బస్తాలు. గడియారాలు, ఫోన్లు తలుపు బయట పెట్టెలో వేసి, నిన్న పొద్దున్న ఆరింటికి పెద్దాయన, కూతురు, మేనత్త లోపలికి వెళ్లారు. సాయంత్రం ఆరింటికి తలుపు తీశారు. అప్పటికి పెద్దాయన, సిబ్బంది పడుకోవడానికి కట్టిన మీది అరలో స్పృహ లేకుండా ఉన్నాడు. రోజూ రాత్రి ఒకటి వేసుకునే నిద్రమాత్రలు ఆయన పాల ఫ్లాస్కులో గుప్పెడు కరిగి ఉన్నాయి. జేబులో పెట్టుకున్నాడనుకున్న కాగితం, తన నిర్ణయం రాసుకున్నది, కనబడలేదు.

ఇప్పుడాయన ఆసుపత్రిలో ఉన్నాడు. కళ్లు తెరవలేదు. ఇవాళ ఒంటిగంటకి సీట్ల మేస్త్రిని అరెస్టు చేస్తామని పోలీసులు చెప్పేశారు. మేస్త్రి అలాంటివాడు కాదని కూతురు నెత్తీ నోరూ కొట్టుకుని, పిన్నికి కబురు పెట్టింది.

పిన్ని ఆ ఇంటికి పిన్ని కాదు. అక్క పిల్లల చెవిపోగులు ఎవరు తీశారో కనిపెట్టడంతో ఆవిడ పరిశోధన మొదలైంది. అప్పట్నుంచి ఊరందరికీ పిన్నే. యాభై దాటిన మనిషి. జీవితంలో విమానం ఎక్కలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చోకపోతే కడుపులో తిప్పుతుంది.

అలాంటి పిన్ని ఇవాళ పొద్దున్న సరిగ్గా ఆరింటికి ఆ చెక్క విమానంలో దీపాల మీట నొక్కి, మూడో వరసలో కిటికీ పక్కన కూర్చుంది. రూలంటే రూలని ఫోన్ బయట పెట్టెలో వేసింది. గడియారం మాత్రం చేతికే ఉంచుకుంది. ముందు తలుపుకి లోపలివైపు పిడి ఇంకా బిగించలేదు. మూసుకుంటే బయటివాళ్లు తీయాల్సిందే. అందుకని గడప మీద మేస్త్రి చెక్క సుత్తి అడ్డం పెట్టింది. వెనక తలుపుకి పోలీసులు నిన్ననే లక్క సీలు వేశారు.

ఎక్కడో ఒక మోటారు జోల పాడుతున్నట్టు మూలుగుతోంది. హాలు కిటికీలన్నిటికీ నల్ల పరదాలు. విమానం కిటికీల్లో మాత్రం అద్దాల వెనక దీపాలు వెలిగి, మొదట పాల రంగులో తెల్లవారింది. తర్వాత పొద్దెక్కింది. ఎండ ఒక బస్తా మీంచి ఇంకో బస్తా మీదికి చప్పుడు లేకుండా జరిగింది. చూస్తూ చూస్తూ ఉంటే, బస్తాలకి మొహాలున్నట్టు, అందరూ ఏదో ఒకే కల కంటున్నట్టు అనిపించింది. పిన్నికి రెండుసార్లు కునుకు పట్టింది. రెండుసార్లూ లేచి, కిటికీ చూసి, గడియారం చూసి, పుస్తకంలో అంకెలు రాసుకుంది. నాలుగో వరసలో ఒక బస్తా బెల్టుకి ముడి వేసి ఉందని కూడా రాసుకుంది. మిగతా బెల్టులన్నీ బిళ్ల మధ్యకి వచ్చేట్టు, కొస లోపలికి మడిచి, బళ్లో పిల్లల జడల్లా ఒకే తీరుగా ఉన్నాయి.

పదకొండున్నరకి మేనత్త వచ్చింది. ఆవిడ వెనకే కూతురు వచ్చి, నడవకి అవతల కూర్చుంది. రాత్రంతా ఆసుపత్రిలో మేలుకున్న కళ్లు.

"బెల్టు పెట్టుకున్నావా?" అంది మేనత్త, పిన్నిని చూడగానే.

"ఇది కదలదు కదండీ."

"కదలనివాళ్లకే ఒళ్లు బలుపు ఎక్కువ. పెట్టుకో."

పిన్ని పెట్టుకుంది. కిటికీల్లో ఎండ అప్పటికే పసుపు తిరిగి, ఏటవాలుగా పడుతోంది.

"మీరు పోలీసులకి చెప్పిన ఆ నీలం బట్టల మనిషి ఎప్పుడొచ్చాడు?"

"పొద్దుగూకే వేళ. ఇన్‌స్పెక్టర్‌కీ అదే చెప్పాను. వెనక తలుపు తీసుకుని వచ్చాడు. మేస్త్రి వేసుకునే నీలం డ్రెస్సు, టోపీ, చేతిలో అన్నయ్య ఫ్లాస్కు. ఎర్రెండ నేరుగా నా కళ్లలో కొడుతోంది, మొహం ఎక్కడ కనబడుతుంది? మీది అరలో పలక వదులైందేమో, బిగించడానికి వచ్చాడు, పనిలో పనిగా పాలు తెచ్చాడు అనుకున్నాను."

"నిచ్చెన ఎలా ఎక్కాడు?"

"ఎలా ఎక్కడమేమిటి? చకచకా. కోతిలాగా."

పిన్ని ‘కోతి’ అని రాసుకుని కింద గీత గీసింది. "అంతకుముందు భోజనం పెట్టారు కదా. ఎప్పుడు?"

"పొద్దు నడినెత్తికి రాగానే పెట్టాను. వృథా చాకిరీ. ఒక్కళ్లకీ ఆకలి లేదు. టిఫిన్ గొంతు దిగలేదు, అప్పుడే భోజనమేమిటే అని అన్నయ్య కసిరాడు. దూరం పోతే ఆకలి చచ్చిపోతుంది కాబోలు అనుకున్నాను."

"దూరం ఎక్కడికి పోయారు? ఈ హాల్లోనే కదా ఉన్నారు."

"అదేనమ్మా విచిత్రం. కూర్చుంటే పోతున్నట్టే ఉంటుంది."

"పెద్దాయన నిర్ణయం ఏమిటో మీకేమైనా చెప్పారా?"

"అబ్బే. మోకాళ్లు పట్టేశాయని ఒకటే సణుగుడు. కాగితం మీద ఏదో గిలికి, ‘అయిపోయిందే చెల్లీ, దిగాక చెప్తా’ అని పైకెక్కి పడుకున్నాడు. సగం దారిలో బెల్టు విప్పేశాడు. బెల్టంటే చచ్చేంత చిరాకు. కూలీ బుద్ధి, దేనికైనా మూట ముడి వేస్తాడు." ఆవిడ పక్క బస్తా బెల్టు సరిచేసింది. "అమ్మాయే కాసేపు ఈ విమానంలో పెట్టిన ఇంటి ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడింది. తర్వాత అదీ పడుకుంది."

పిన్ని నడవకి అవతల చూసింది. కూతురు కిటికీ వైపు తిరిగింది.

"దిగినప్పుడు ఎలా ఉంది?"

"అది మాత్రం అడక్కు. కిటికీల్లో నడిరాత్రి. చుక్కలు. అన్నయ్యని లేపితే లేవలేదు, కేకలు పెడుతూ హాలు దాటి వరండాలోకి పరిగెత్తాను. ఎదురుగా సాయంత్రపు ఎండ! ఏ లోకంలో ఉన్నానో తెలియలేదు."

"ఇది ఇన్‌స్పెక్టర్‌కి చెప్పారా?"

"చెబుదామనే అనుకున్నాను. ఆయనకి ఐదు నిమిషాలే ఉంది."

ఆ ఇన్‌స్పెక్టర్‌ని ఊళ్లో ఐదు నిమిషాలాయన అంటారు. ఏ ఇంటికి వెళ్లినా గుమ్మంలోనే ‘నాకు ఐదు నిమిషాలే ఉంది’ అంటాడు. పన్నెండూ ముప్ఫై అయిదుకి ఆయన వచ్చి, తలుపు దగ్గర తల వంచి లోపలికి చూశాడు. వెనక మేస్త్రి నిలబడి ఉన్నాడు. ఎడమ మోకాలు వంగదు. గడప దాటడానికి రెండు చేతులతో ద్వారబంధం పట్టుకున్నాడు.

"పిన్నిగారూ, ప్రయాణం సుఖంగా ఉందా? తినడానికి ఏమైనా పెట్టారా?"

"కూర్చోండి బాబూ, పన్నెండు గంటల ప్రయాణం."

"నాకు ఐదు నిమిషాలే ఉంది. ఇతన్ని ఒంటిగంటకి తీసుకుపోతున్నాను, తెలుసుగా?" ఆయన వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. "మీది అరలోకి మనిషి వెళ్లింది పొద్దుగూకే వేళ. అంటే సాయంత్రం అయిదున్నర. ఆ వేళకి ఇంట్లో బయట తిరుగుతున్నది ఈ మేస్త్రి ఒక్కడే. అల్లుడుగారు ఒంటిగంట ఐదుకే గేటు దాటారు, వాచ్‌మన్ రాసుకున్నాడు. సాయంత్రం దాకా విమానాలు అద్దెకిచ్చేవాళ్లతో ఆఫీసులో ఉన్నారు, ఇరవైమంది సాక్షులు. ఇక పెద్దాయనకీ మేస్త్రికీ ముందురోజే గొడవ."

"గొడవంటే గొడవా?" అన్నాడు మేస్త్రి. "ఇంకో వరస సీట్లు ఇరికించమన్నారు. మనుషులా, అరటిపళ్లా అన్నానంతే."

"చూశారా, నోరు!"

"నోటితో మాత్రలు కలపరు బాబూ," అంది పిన్ని. "ఈయన నిచ్చెన ఎక్కడం చూశారా మీరు? మేనత్తగారు చూసిన మనిషి కోతిలా ఎక్కాడు."

"అవసరమొస్తే కుంటివాడూ పరిగెత్తుతాడు. పోలీసు ఉద్యోగంలో ఎన్ని చూడలేదు! చెవిపోగుల కేసులు కావండీ ఇవి."

పిన్నికి చెవులు వేడెక్కాయి. ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఆవిడ గొంతు ఇంకా చిన్నదవుతుంది. "మీరెప్పుడైనా దూరం పోయే విమానం ఎక్కారా?"

"లేదు."

"నేను దగ్గరికి పోయేది కూడా ఎక్కలేదు. అందుకే పొద్దున్న ఆరింటి నుంచి కూర్చున్నాను. మీ ఐదు నిమిషాలకి ఇంకో పది కలపండి. ఆ తర్వాత మీ ఇష్టం."

ఆయన విసుగ్గా ఒక బస్తా పక్కన కూలబడ్డాడు. "బెల్టు," అంది మేనత్త. పెట్టుకున్నాడు.

మోటారు మూలుగుతోంది. కిటికీల్లో వెలుగు మెల్లగా చిక్కబడి, తేనె రంగై, దానిమ్మ గింజ రంగైంది. ఆ ఎరుపు బస్తాల మీద పాకి, ఇన్‌స్పెక్టర్ బుగ్గలెక్కి, ఆయన కళ్లలో పడింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మేస్త్రి పెదవులు కొంచెం తెరుచుకున్నాయి. తను కుట్టిన సీట్ల మీద సాయంకాలం దిగుతుంటే అతను ఎప్పుడూ చూడలేదు. నిన్న అతను లోపల లేడు మరి.

వెలుతురు చివరి గీత కిటికీ అంచున కాసేపు నిలబడి ఆరిపోయింది.

"పొద్దుగూకింది," అంది పిన్ని నెమ్మదిగా. "మీ చేతిగడియారం చూడండి."

ఇన్‌స్పెక్టర్ చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మళ్లీ చూశాడు.

"పన్నెండూ యాభై."

"నాదీ అంతే."

"ఈ దీపాలు పాడైపోయాయి."

"పాడవలేదు. అల్లుడుగారు కొత్త దారి లెక్కప్రకారమే పెట్టించారు. ఆ దారి తూర్పుకి. పడమటికి పోయే పొద్దుకి ఎదురుగా మనం పరిగెడితే, అది దాదాపు రెండు రెట్ల తొందరగా మనల్ని దాటిపోదూ? ఇక్కడ నడినెత్తి పొద్దు తొమ్మిదిన్నరకి ముందే వచ్చేసింది. అందుకే నిన్న ఎవరికీ ఆకలి లేదు. సాయంత్రం ఆరింటికి ఇక్కడ నడిరాత్రి దాటిపోయింది. అందుకే మేనత్తగారికి చుక్కలు, వరండాలో ఎండ. అయిదున్నరకి ఈ విమానంలో ఎర్రెండ ఎక్కడిది బాబూ?"

మేనత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. "ముప్ఫై ఏళ్లు ఎగిరాను తల్లీ. ఎప్పుడూ గంట దాటలేదు. ఎక్కిన పొద్దే దిగిన పొద్దు. కిటికీలో ఎంతుంటే కిందా అంతే. ఈ కంపెనీలో ఎవరినడిగినా అదే చెప్తారు."

"ఒక్కరు తప్ప," అంది పిన్ని.

ఇన్‌స్పెక్టర్ బెల్టు విప్పబోయాడు. చేత కాలేదు. మేనత్త విప్పింది. ఆయన మేస్త్రి వైపు తిరిగాడు. "నిన్న పన్నెండూ యాభైకి నువ్వెక్కడున్నావు?"

"ఫోమ్ కొట్లో. పదకొండూ ముప్పావుకి వెళ్లాను, రెండుంపావుకి వచ్చాను. కొట్టాయనతో భోంచేశాను కూడా. ఇంకో నీలం డ్రెస్సు షెడ్డు మేకుకే తగిలించి ఉంది, ఎవరైనా తొడుక్కోవచ్చు."

"ముందే చెప్పి ఏడవచ్చు కదయ్యా!"

"సాయంత్రం ఎక్కడున్నావనే కదా అడిగారు. మధ్యాహ్నం సంగతి ఎవరడిగారు బాబూ?"

ఇన్‌స్పెక్టర్ బుర్ర గోక్కున్నాడు. "సరే. ముందు ఫోమ్ కొట్టు. ఒకదాని తర్వాత ఒకటి. కొట్టాయన కాదన్నాడో, పిన్నిగారూ, మీ పొద్దు సంగతి కోర్టులో చెప్పుకోండి." మేస్త్రిని జీపెక్కించుకుని పోయాడు. మేనత్త మంచినీళ్లకి ఇంట్లోకి వెళ్లింది.

చీకటి పడుతున్న విమానంలో పిన్ని, కూతురు మిగిలారు.

కూతురు కూడా ఆ పొద్దు చూసింది. ఒంటిగంట ఐదుకి గేటు దాటిన మనిషి పన్నెండూ యాభైకి ఎక్కడ ఉండొచ్చో ఆమెకి పిన్ని చెప్పక్కర్లేదు.

పిన్ని లేచి నాలుగో వరసకి వెళ్లింది. ముడి ఉన్న బస్తా. కూలీలు మూటకి వేసే ముడి, ఒక్క కొస లాగితే ఊడిపోతుంది. లాగింది. బెల్టు కింద, బస్తా మడతలో, నాలుగు మడతల కాగితం. పోలీసులు జేబులు వెతికారు, పరుపు చింపారు. ముప్ఫై తొమ్మిది మంది ప్రయాణికుల్ని మాత్రం ఎవరూ తడమలేదు.

"మా నాన్న రాతే," అంది కూతురు, ఎప్పుడొచ్చిందో పిన్ని భుజం పక్కన నిలబడి. "చదవండి. నాకు కళ్లు ఆనడం లేదు."

పిన్ని కాగితాన్ని కిటికీ దగ్గర పెట్టి, మిగిలిన ఊదారంగు వెలుతురులో చదివింది.

"అల్లుడూ, మోకాళ్లు ఏడుస్తున్నాయి. కాని పొద్దు ఇంత తొందరగా నడవడం డెబ్బై ఏళ్లలో చూడలేదు. ఇది చూడకుండా పోతే నేను చచ్చేదాకా గంట దూరంలోనే ఉండిపోయినట్టు. తెచ్చెయ్యి ఆ రెండు విమానాలు. ఒక వరస సీట్లు తీసేసి కాళ్లకి చోటివ్వు, మేస్త్రి మాటే నిజం. గెలిచావు. దిగాక అందరి ముందూ చెప్తాను. అంతవరకు నీకు చెమటలు పట్టనీ."

తర్వాత కూతురు నవ్విందో, వెక్కిందో, పిన్నికి తెలియలేదు.

"నేనే చెప్పాను పిన్నీ. ఇంటి ఫోన్‌లో. అది మా ఆయన గదిలో మోగుతుంది. నాన్న సణుక్కుంటున్నారు, వద్దనేట్టున్నారు అని చెప్పాను. ఆయన ఇంకేం అడగలేదు. సరేలే అన్నారు. నాన్న సంతకం పెట్టలేకపోతే ఆయన సంతకం చెల్లుతుంది. ఇవాళ నాలుగింటికి విమానాల అద్దె కాగితాల మీద సంతకాలు. అప్పటిదాకా నాన్న నిద్రపోతే చాలనుకుని ఉంటారు. అంతే అయ్యుంటుంది కదా?"

"మీ ఆయన ఇప్పుడెక్కడున్నాడమ్మా?"

ఆమె జవాబు చెప్పేలోపు, ఆసుపత్రి కబురు కోసం చేతిలోనే ఉంచుకున్న ఫోన్ మోగింది. లోపల అంత నిశ్శబ్దం కాబట్టి అవతలి గొంతు పిన్నికీ వినబడింది. మెత్తని గొంతు. అలసిపోయిన గొంతు.

"మామయ్య కనురెప్పలు కదిలాయి. నర్సుని కాఫీకి పంపించాను. నేను పక్కనే ఉన్నాలే, నువ్వేం కంగారుపడకు."

ఫోన్ ఆగిపోయింది.

"ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చెయ్యి," అంది పిన్ని. మొదటిసారి ఆవిడ గొంతు పెద్దదైంది. "ఇప్పుడే. మీ నాన్న కళ్లు తెరిస్తే మొదట చెప్పేది పాలు ఎవరిచ్చారో."

"మా ఆయన చంపే మనిషి కాదు పిన్నీ."

"నిన్నటిదాకా మాత్రలు కలిపే మనిషీ కాదు."

కూతురు పిన్ని చేతిలోంచి కాగితం మెల్లగా తీసుకుంది. గుంజుకోలేదు, పసిపిల్ల చేతిలోంచి తీసుకున్నట్టు తీసుకుంది. "పోలీసుల్ని చూస్తే భయపడిపోతారు. భయపడితేనే ఏమైనా చేస్తారు. నేను వెళ్లి ఈ కాగితం చూపిస్తాను. గెలిచావని నేనే చదివి వినిపిస్తాను. పావుగంట దారి."

"ఒక్కదానివే వెళ్లకు. నేనూ వస్తాను, ఆగు."

పిన్ని నడవలోకి అడుగేసింది. నడుముకి ఆ బస్తా బెల్టు తగులుకుంది. ముడి విప్పిన కొస కొంగుకి చుట్టుకుంది. అది విడిపించుకునేసరికి కూతురు తలుపు అవతల ఉంది. వంగి గడప మీది చెక్క సుత్తి తీసింది. ఆమె వెనక హాలు నల్లగా ఉంది. పిన్ని వెనక కిటికీల్లో ఒక్కొక్క చుక్కే వెలుగుతోంది. పిన్ని ఫోన్ ఆ తలుపు పక్కన పెట్టెలోనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది.

"అమ్మాయ్! నేను మీ ఆయన కోసం అనడం లేదు. మీ నాన్న కోసం."

"ఇద్దరూ నాకు కావాలి పిన్నీ," అంది కూతురు. చెంపల మీంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. "దిగేదాకా కూర్చోండి. బెల్టు పెట్టుకోండి."

పిన్ని రెండు చేతులూ చాచి పరిగెత్తింది. ఆమె తలుపు మూసేసింది.